అరచేతిలో ఇమిడే రేడియో పరికరానికి యాంటెన్నానూ రెజొనేటర్‌నూ కుదించడం ఎలా

బెంగళూరులో మేముండే అపార్ట్‌మెంట్ సముదాయంలో ఐదు బ్లాకులున్నాయి. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడగా ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు వాటిలో చాలామంది ఉన్నారు, వారిలో మన తెలుగువాళ్లూ తక్కువేమీ కాదు. రాత్రివేళ స్నానాలగదిలో కాలు జారి పడితే, ఫోను అందుకోలేని స్థితిలో నొక్కడానికి వీలుగా మెడలో వేసుకునే ఒక చిన్న బటన్ తయారుచేయాలని మొదలుపెట్టాను. బోర్డు కొలత 30 × 45 మిల్లీమీటర్లు, వెనుక పల్చటి లిథియం బ్యాటరీ, పనిచేసే పౌనఃపున్యం 866 మెగాహెర్ట్జ్. మొదటి బోర్డు మీద దుకాణంలో దొరికే సిరామిక్ చిప్ యాంటెన్నా పెట్టి, దానికి మ్యాచింగ్ భాగాలు (రేడియోకూ యాంటెన్నాకూ నిరోధాన్ని సరిపోల్చే ఇండక్టర్లు, కెపాసిటర్లు) అమర్చి, యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తిని కొలిచే చిన్న పరికరమైన నానోవీఎన్ఏకు కలిపి చూస్తే తెర మీద మైనస్ 25 డెసిబెల్స్ లోతున చక్కటి గుంట కనిపించింది. అయినా ఆ బటన్ సంకేతం పక్క బ్లాకు దాటి వెళ్లలేదు.

ఆ గుంటను నమ్మడమే పొరపాటు. యాంటెన్నాకు పంపిన శక్తి వెనక్కి తిరిగి రాలేదని మాత్రమే అది చెబుతుంది. ఆ శక్తి గాలిలోకి వెళ్లిందా, రాగిలో, ఫెర్రైట్‌లో, ఇండక్టర్‌లో వేడిగా మారిపోయిందా అనేది దానికి తెలియదు. ఒక 50 ఓమ్‌ల రెసిస్టరును అదే చోట పెడితే అంతకన్నా లోతైన గుంట వస్తుంది, కాని దాని నుంచి సంకేతం గది కూడా దాటదు. అందుకే యాంటెన్నాను కుదించడం నేర్చుకునేవారు కుదింపు కంటే ముందు దక్షతను, అంటే పంపిన శక్తిలో ఎంత వంతు గాలిలోకి వెళ్తోందో దాన్ని, కొలవడం నేర్చుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఈ వ్యాసంలో కొలతకు ఎక్కువ చోటు ఇచ్చింది కూడా అందుకే.

ముందు ఒక మౌలిక భేదం మనసులో పెట్టుకోవాలి. రెజొనేటర్, అంటే అనునాదకం, చేయవలసిన పని శక్తిని పట్టి ఉంచడం. యాంటెన్నా చేయవలసిన పని ఆ శక్తిని వదిలిపెట్టడం. రెండింటిలోనూ విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఒకదాని నుంచి మరొకదానికి శక్తిని అందించుకుంటూ ఊగుతాయి, రెండింటికీ తరంగదైర్ఘ్యంతో ముడిపడిన పరిమాణం ఉంటుంది. అందువల్ల ఒకదాన్ని కుదించే ఉపాయమే రెండోదానికీ పనికొస్తుందని అనిపిస్తుంది. నిజానికి అనునాదకానికి మేలు చేసే ఉపాయం యాంటెన్నాకు తరచుగా కీడు చేస్తుంది.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

866 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం దాదాపు 346 మిల్లీమీటర్లు, అందులో పావు వంతు 86.6 మిల్లీమీటర్లు. పావు తరంగపు తీగ ఒక్కటే మన బోర్డుకు దాదాపు రెండింతల పొడవన్నమాట. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని 2005లోనే తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా తెరిచారు, 2021 నిబంధనలతో అది 868 వరకు పెరిగింది. ఇంకా కింద 433 మెగాహెర్ట్జ్ ఉంది, పైన 2.4 గిగాహెర్ట్జ్ ఉంది. పైకి వెళ్తే యాంటెన్నా 30 మిల్లీమీటర్లకు తగ్గుతుంది కాని కాంక్రీటు గోడల్లో సంకేతం ఎక్కువ నష్టపోతుంది. కిందికి వెళ్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక పాత సూత్రం సాయపడుతుంది.

1947లో హెరాల్డ్ వీలర్, 1948లో ఎల్. జె. చూ చిన్న యాంటెన్నాలకు ప్రకృతి విధించిన హద్దును లెక్కగట్టారు. 1996లో మెక్లీన్ దాన్ని మరింత కచ్చితమైన రూపంలో చెప్పాడు. దాన్ని వాడుకునే పద్ధతి ఇది. వికిరణంలో పాల్గొనే మొత్తం నిర్మాణాన్ని ఒక ఊహా గోళంలో ఇమిడ్చి, ఆ గోళపు వ్యాసార్థాన్ని 6.28తో గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగించండి. వచ్చిన సంఖ్య ఘనానికి విలోమాన్నీ, ఆ సంఖ్యకు విలోమాన్నీ కలిపితే, నష్టాలు లేని యాంటెన్నాకు సాధ్యమయ్యే కనిష్ఠ క్యూ విలువ వస్తుంది. క్యూ అంటే ప్రతి ఊపులో పోయే శక్తితో పోలిస్తే పట్టి ఉంచిన శక్తి ఎంతో చెప్పే సంఖ్య. అది ఎంత ఎక్కువైతే బ్యాండ్‌విడ్త్, అంటే పనిచేసే పౌనఃపున్యాల వెడల్పు, అంత ఇరుకవుతుంది.

మన బోర్డు కర్ణం 54 మిల్లీమీటర్లు కనుక గోళం వ్యాసార్థం 27, పై సంఖ్య దాదాపు 0.49, క్యూ సుమారు 10.5. నిలువు తరంగ నిష్పత్తి (వెనక్కి తిరిగొచ్చే శక్తి ఎంతో తెలిపే కొలత) 2 లోపల ఉండే బ్యాండ్‌విడ్త్ అప్పుడు 58 మెగాహెర్ట్జ్ వరకు ఉండవచ్చు. మనకు కావలసింది 3 మెగాహెర్ట్జ్ మాత్రమే కనుక, నిజజీవితంలో ఈ హద్దుకు చాలా దూరంలో ఆగిపోయినా ఊపిరాడుతుంది. ఇదే బోర్డును 433 మెగాహెర్ట్జ్‌కు వాడితే సంఖ్య సగమై, క్యూ 72కు చేరి, బ్యాండ్‌విడ్త్ దాదాపు 4 మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది. చెయ్యి దగ్గరగా వస్తేనే యాంటెన్నా అంతకన్నా ఎక్కువ జరిగిపోతుంది కనుక, ఈ పరిమాణపు పరికరానికి 433ను నేను ఎన్నుకోను.

ఇప్పుడు ఇదే లెక్కను బోర్డును వదిలేసి చిప్ యాంటెన్నాకు మాత్రమే వేసి చూడండి. గోళం వ్యాసార్థం 8 మిల్లీమీటర్లనుకుంటే క్యూ 335, బ్యాండ్‌విడ్త్ 2 మెగాహెర్ట్జ్ లోపే. కాబట్టి వికిరణం చేసేది ఆ చిన్న తెల్లటి ముక్క కాదు. అది బోర్డులోని గ్రౌండ్ రాగిలో ప్రవాహాన్ని రేపే సాధనం మాత్రమే, అసలు యాంటెన్నా బోర్డే. చిప్ యాంటెన్నాల డేటాషీట్‌లో రాసిన దక్షతను తయారీదారులు తమ పరీక్షా బోర్డు మీద కొలుస్తారు, ఆ బోర్డు తరచుగా మన బోర్డుకు రెండు మూడింతలు ఉంటుంది. డేటాషీట్ తెరవగానే దక్షత అంకె కంటే ముందు పరీక్షా బోర్డు కొలతలు చూడడం అలవాటు చేసుకోండి.

కాయిల్ కంటే ముందు టోపీ

కుదింపులో శక్తి ఎక్కడ పోతుందో ఒక సరళమైన ఉదాహరణతో చూద్దాం. పెద్ద లోహపు తలం మీద నిటారుగా నిలిపిన తీగ పావు తరంగం పొడవుంటే దాని వికిరణ నిరోధం, అంటే గాలిలోకి వెళ్లే శక్తిని సూచించే నిరోధం, సుమారు 36 ఓమ్‌లు. దాన్ని తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతుకు, అంటే 17 మిల్లీమీటర్లకు కుదిస్తే ఆ నిరోధం ఒక ఓమ్‌కు పడిపోతుంది, ఎందుకంటే అది ఎత్తు వర్గంతో మారుతుంది. పైగా కురచ తీగ ఒక చిన్న కెపాసిటరులా ప్రవర్తిస్తుంది. దాని రియాక్టెన్స్, అంటే శక్తిని ఖర్చు చేయకుండానే ప్రవాహాన్ని అడ్డుకునే గుణం, 300 ఓమ్‌లనుకుంటే, దాన్ని రద్దు చేయడానికి 55 నానోహెన్రీల ఇండక్టరు కావాలి. ఆ ఇండక్టరు క్యూ 60 అయితే దాని నష్ట నిరోధం 5 ఓమ్‌లు. ఒక ఓమ్ గాలికి పనిచేస్తుంటే ఐదు ఓమ్‌లు వేడికి పనిచేస్తున్నాయి కనుక దక్షత 17 శాతం దగ్గర ఆగిపోతుంది. చవగ్గా దొరికే మల్టీలేయర్ ఇండక్టరు వాడితే, దాని క్యూ ఈ పౌనఃపున్యం దగ్గర తరచుగా 20 చుట్టూ ఉంటుంది కనుక, పరిస్థితి మరీ దిగజారి దక్షత 6 శాతానికి చేరుతుంది. నా మొదటి బోర్డులో జరిగింది దాదాపు ఇదే.

అదే 17 మిల్లీమీటర్ల తీగ కొనకు ఒక రాగి పలకను టోపీలా పెట్టి చూడండి. కొన దగ్గర సున్నా కావలసిన ప్రవాహం ఆ పలకలోకి పోవడానికి దారి దొరుకుతుంది కనుక, తీగ పొడవునా ప్రవాహం దాదాపు సమానంగా ఉంటుంది, వికిరణ నిరోధం నాలుగింతలై 4 ఓమ్‌ల దగ్గరకు వస్తుంది. కెపాసిటెన్స్ పెరగడంతో రద్దు చేయవలసిన రియాక్టెన్స్ కూడా తగ్గుతుంది. అది 150 ఓమ్‌లైతే అదే 60 క్యూ ఇండక్టరు నష్టం 2.5 ఓమ్‌లు, దక్షత 60 శాతం. తీగ ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగకుండానే మూడున్నర రెట్లు ఎక్కువ శక్తి బయటికి వెళ్లింది. కుదించేటప్పుడు మొదట కొనకు టోపీ పెట్టండి, ఆ తరువాత రాగి తీగను మడవండి, చివరికి మిగిలిన కొద్దిపాటి రియాక్టెన్స్‌కు మాత్రమే ఇండక్టరు వాడండి. అది కూడా తీగ చుట్టిన రకం కావాలి. చాలామంది ఇండక్టరుతోనే మొదలుపెడతారు, ఎందుకంటే అది బోర్డు మీద తక్కువ స్థలం తీసుకుంటుంది.

రేడియో వినే ఇళ్లలో పెరిగినవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఆకాశవాణి బెంగళూరు ప్రసారమయ్యే 612 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 490 మీటర్లు. అయినా ట్రాన్సిస్టరు లోపల వేలెడు పొడవున్న ఫెర్రైట్ కడ్డీ దాన్ని పట్టుకుంటుంది కదా. ఆ కడ్డీ దక్షత అతి స్వల్పమే. అయితే మధ్యతరంగాల దగ్గర ఆకాశం నుంచి వచ్చే రొద రిసీవరు సొంత రొద కంటే ఎంతో ఎక్కువ కనుక, యాంటెన్నా సంకేతాన్నీ రొదనూ ఒకే పాళ్లలో తగ్గించినా వినికిడి చెడదు. వినడానికి చెల్లిన ఆ మినహాయింపు పంపడానికి చెల్లదు, 866 మెగాహెర్ట్జ్ దగ్గర వినడానికి కూడా చెల్లదు.

బోర్డు మీద గీయడం

నేను చివరికి ఎంచుకున్నది ఇన్వర్టెడ్-ఎఫ్ ఆకారం, అంటే బోర్డు మీదే రాగి బాటగా గీసే, పక్కకు పడుకోబెట్టిన ఆంగ్ల ఎఫ్ అక్షరంలాంటి యాంటెన్నా. దాన్ని బోర్డు పొట్టి అంచు వెంబడి, పొడవు దిశకు ఒక కొసన పెట్టాలి. అప్పుడు గ్రౌండ్ ప్రవాహాలు 45 మిల్లీమీటర్ల దిశలో పారుతాయి, మనకున్న పొడవంతా వాడుకున్నట్టవుతుంది. పొడవాటి అంచు మధ్యలో పెట్టిన యాంటెన్నా బోర్డును సరిగా కదిలించలేదు. యాంటెన్నా కింద అన్ని పొరల్లోనూ రాగి తీసివేయాలి. పై పొరలో తీసి, లోపలి పొరలో మరచిపోవడం చాలా తరచుగా జరిగే తప్పు, కనుక బోర్డు ఫైళ్లు పంపే ముందు ఒక్కొక్క పొరను విడిగా తెరిచి చూడండి. బ్యాటరీ, దాని తీగలు, బటన్ లోహపు తొడుగు ఆ ఖాళీ ప్రాంతంలోకి చొరబడకూడదు.

రాగి బాట మొత్తం పొడవు పావు తరంగానికి దగ్గరగా ఉండాలి. ఇక్కడ దాన్ని పొట్టి చేసేది బోర్డు పదార్థమైన ఎఫ్ఆర్-4. దాని సాపేక్ష పెర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రపు శక్తిని గాలి కంటే ఎన్ని రెట్లు నిలుపుకుంటుందో చెప్పే సంఖ్య) 4.4 వరకు ఉన్నా, క్షేత్రంలో ఎక్కువ భాగం గాలిలోనే ఉండటం వల్ల పొడవు 10 నుంచి 20 శాతం మాత్రమే తగ్గుతుంది. లెక్క ప్రకారం రావలసిన దానికంటే ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువే గీయండి, ఎందుకంటే రాగిని కత్తితో గీసి తీసేయడం సులభం, అతికించడం కష్టం. గ్రౌండ్‌కు కలిసే కాలు, ఫీడ్ (రేడియో నుంచి శక్తి యాంటెన్నాలోకి వచ్చే చోటు) దగ్గరి భాగం ఎక్కువ ప్రవాహం మోసేవి కనుక వాటిని నిటారుగా, వెడల్పుగా ఉంచి, మడతలన్నీ కొస వైపు నెట్టాలి. పక్కపక్క మడతల్లో ప్రవాహాలు ఎదురెదురుగా పారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందువల్ల మడత పెట్టిన ప్రతి మిల్లీమీటరూ అనునాదానికి కొంత సాయపడుతుంది కాని వికిరణానికి దాదాపు ఏమీ ఇవ్వదు. మడతల మధ్య ఖాళీ బాట వెడల్పు కంటే తగ్గకుండా చూసి, చిట్టచివర దొరికిన చోటంతా వెడల్పాటి పలకగా నింపండి. ఇంతకుముందు చెప్పిన టోపీ ఇదే.

రాగి మందం గురించి దిగులు అక్కర్లేదు. 866 మెగాహెర్ట్జ్ ప్రవాహం రాగి ఉపరితలం నుంచి రెండుంపావు మైక్రాన్ల లోతు వరకే సాగుతుంది, మామూలు బోర్డు రాగి 35 మైక్రాన్లుంటుంది. అయితే నికెల్-బంగారు పూత విషయంలో జాగ్రత్త కావాలి. ప్రవాహం పారే ఆ పలుచని పొరలో నికెల్ ఉంటే నష్టం పెరుగుతుంది, కనుక యాంటెన్నా భాగాన్ని సోల్డర్ మాస్కుతో (బోర్డు మీది రంగు పూతతో) కప్పించండి, పూత అక్కడికి చేరదు.

ఫీడ్ దగ్గర మూడు భాగాలు పట్టే, గ్రీకు అక్షరం π ఆకారపు మ్యాచింగ్ చోటు తప్పకుండా వదలండి. మొదటి ప్రయత్నంలో సిరీస్ చోట సున్నా ఓమ్ పెట్టి, మిగతా రెండు ఖాళీగా ఉంచితే చాలు.

అనునాదకాల సంగతి

మన బటన్‌కు ‘కబురు అందింది’ అనే జవాబు కూడా రావాలి. బెంగళూరులో పక్క భవనం డాబా మీదే మొబైల్ టవరు ఉండటం సర్వసాధారణం. 850 మెగాహెర్ట్జ్ మొబైల్ పట్టీలో టవరు నుంచి ఫోనుకు వచ్చే సంకేతాలు 869 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలవుతాయి, అంటే మన పట్టీ అంచుకు ఒక్క మెగాహెర్ట్జ్ దూరంలో. ఆ ఉరుము పక్కన మన జవాబు గుసగుసలాంటిది. రిసీవరు ముందు ఫిల్టరు లేకపోతే టవరు దగ్గరి ఫ్లాట్లలో బటన్ చెవిటిదవుతుంది.

ఫిల్టరును మామూలు కాయిల్‌తో, కెపాసిటరుతో చేయలేమా అంటే, 10 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలంటే పనిచేసే స్థితిలో క్యూ 87 ఉండాలి, 60 క్యూ ఉన్న ఇండక్టరుతో అది అసాధ్యం. క్యూ 400 ఉన్న అనునాదకం ఒక్కటి పెడితే 2.1 డెసిబెల్స్ నష్టంతో పని జరుగుతుంది, క్యూ 1000 అయితే 0.8 డెసిబెల్ చాలు. చిన్నదిగా ఉంటూనే శక్తిని బాగా పట్టి ఉంచే వస్తువు కావాలి.

దానికి రెండు దారులున్నాయి. మొదటిది పెర్మిటివిటీ ఎక్కువగా, నష్టం తక్కువగా ఉన్న సిరామిక్. తరంగదైర్ఘ్యం పెర్మిటివిటీ వర్గమూలం మేరకు తగ్గుతుంది కనుక, పెర్మిటివిటీ 37 ఉన్న సిరామిక్‌తో చేసిన పావు తరంగపు కోయాక్సియల్ అనునాదకం 86.6 నుంచి 14 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది, 90 ఉన్నదానితో 9 మిల్లీమీటర్లు చాలు. సిరామిక్ ముద్ద ఒక్కటే, లోహపు పెట్టె లేకుండా కూడా, అనునాదకంగా పనిచేయగలదని రిచ్‌మయర్ 1939లోనే చూపించాడు. క్షేత్రం పదార్థం లోపల బందీ కావడం అక్కడ మనకు కావలసిన గుణమే. అదే సిరామిక్‌ను యాంటెన్నాకు వాడితే క్షేత్రం బందీ అయి బయటికి రాదు, బ్యాండ్‌విడ్త్ ఇరుకైపోతుంది. జీపీఎస్ యాంటెన్నాలో ఇది చెల్లింది, ఎందుకంటే 1575.42 మెగాహెర్ట్జ్ చుట్టూ దానికి కావలసిన పట్టీ చాలా సన్ననిది. గాలిలో 95 మిల్లీమీటర్లు కావలసిన అర తరంగపు పలకను అందుకే 25 మిల్లీమీటర్ల సిరామిక్ బిళ్ల మీద పెట్టగలిగారు.

రెండో దారి మరింత ముచ్చటైనది. విద్యుత్ తరంగాన్ని శబ్ద తరంగంగా మార్చేస్తారు. 1880లో క్యూరీ సోదరులు గుర్తించిన పీడన విద్యుత్తు గుణం ఉన్న స్ఫటికం మీద దువ్వెన పళ్లలాంటి లోహపు చారలు గీస్తే, వాటికి ఇచ్చిన వోల్టేజి స్ఫటికం ఉపరితలం మీద అలగా పరుగెత్తుతుంది. ఈ చారలతో ఉపరితల అలలను రేపే పద్ధతిని వైట్, వోల్ట్‌మర్ 1965లో ప్రకటించారు. ఆ అల వేగం సెకనుకు 4 వేల మీటర్ల లోపు, కాంతి వేగంలో సుమారు లక్షో వంతు. కనుక 866 మెగాహెర్ట్జ్ దగ్గర 346 మిల్లీమీటర్ల తరంగం అక్కడ నాలుగున్నర మైక్రాన్లకు చేరుతుంది. సా (ఉపరితల శబ్ద తరంగ, ఆంగ్లంలో ఎస్ఏడబ్ల్యు) ఫిల్టరు అని మనం పిలిచే ఆ బియ్యపుగింజంత భాగంలో వందల తరంగాల దూరం ఇమిడి ఉంది. మన పట్టీకి తగినవి తయారుగా దొరుకుతాయి కనుక సొంతంగా చేయవలసిన పని లేదు, సరైనదాన్ని ఎంచుకుంటే చాలు.

ఎంచుకునేటప్పుడు ఉష్ణోగ్రతను చూడండి. లిథియం టాంటలేట్ మీద చేసిన ఫిల్టరు డిగ్రీకి మిలియన్‌లో 30 నుంచి 40 వంతులు కిందికి జరుగుతుంది. 30 డిగ్రీల తేడాకు అది దాదాపు ఒక మెగాహెర్ట్జ్. టవరు పౌనఃపున్యానికీ మన పట్టీ అంచుకూ మధ్య ఉన్న ఎడం కూడా అంతే కనుక, చానెల్‌ను 868 వైపు కాక 865 వైపు పెట్టుకోవడం తెలివైన పని, అప్పుడు 4 మెగాహెర్ట్జ్ ఎడం దొరుకుతుంది. ఆ చిన్న ఎంపిక వల్ల నాకు కలిగిన మేలు ఖరీదైన ఫిల్టరు వల్ల కూడా కలగలేదు.

కొలత: తీగ, గిన్నె, ఉప్పునీళ్లు

నానోవీఎన్ఏతో కొలిచేటప్పుడు కాలిబ్రేషన్ (కొలతకు ముందు పరికరాన్ని సరిచూడటం) పరికరం ముక్కు దగ్గర కాదు, బోర్డుకు టంకం వేసే సన్నటి కోయాక్సియల్ తీగ కొన దగ్గర చేయాలి. ఆ తీగ తొడుగును బోర్డు గ్రౌండ్‌కు ఫీడ్ పక్కనే అతికించి, మ్యాచింగ్ భాగాల అవతల నుంచి రేడియో చిప్‌ను వేరుచేయండి. చిన్న బోర్డుల్లో మోసపోయేది ఇక్కడే. బోర్డు చాలనప్పుడు ప్రవాహం తీగ తొడుగు వెలుపలి వైపు పాకి, తీగ కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది, ఫలితం నిజం కంటే ఎంతో మెరుగ్గా కనిపిస్తుంది. తీగను చేత్తో పట్టుకుని అటూ ఇటూ జరపండి. తెర మీద గీత కదిలితే తీగ వికిరణం చేస్తున్నట్టే. బోర్డు నుంచి తీగ బయటికి వచ్చే చోటే అధిక పౌనఃపున్యాలకు పనికొచ్చే ఫెర్రైట్ పూసలు మూడు నాలుగు ఎక్కించి, గీత నిలకడగా నిలిచిన తరువాతే ట్యూనింగ్ మొదలుపెట్టండి.

దక్షత కొలవడానికి ప్రయోగశాల గది అక్కర్లేదు, వీలర్ చెప్పిన, యాంటెన్నా మీద లోహపు మూత బోర్లించే పద్ధతి ఇంట్లోనే చేయవచ్చు. యాంటెన్నా చుట్టూ తరంగదైర్ఘ్యాన్ని 6.28తో భాగించినంత దూరంలో, అంటే మనకు 55 మిల్లీమీటర్ల దూరంలో, లోహపు గోడ పెడితే వికిరణం ఆగిపోతుంది కాని నష్టాలు దాదాపు అలాగే ఉంటాయి. ఎస్పీ రోడ్డులో కనెక్టర్లు, రాగి టేపు కొని, చిక్కపేట పాత్రల దుకాణాల్లో 12 సెంటీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తు ఉన్న రాగి గిన్నె ఒకటి తీసుకున్నాను. స్టీలు డబ్బా కూడా పనిచేస్తుంది కాని స్టీలు రాగి కంటే ఎక్కువ శక్తిని తినేస్తుంది. ఈ కొలతల గిన్నె తనంతట తాను అనునాదించేది 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర కనుక మన కొలతకు అడ్డు రాదు. మరీ పెద్ద గిన్నె తీసుకుంటే ఆ అనునాదం కిందికి దిగి మన పట్టీ మీద పడుతుంది. చదునైన రాగి రేకుకు కనెక్టరు బిగించి, తీగ తొడుగును రేకుకు టంకం వేసి, బోర్డును రేకు మీద నురుగు ముక్కతో నిలిపి, గిన్నె బోర్లించి, అంచు చుట్టూ రాగి టేపు అతికించండి. టేపు లేకుండా వచ్చిన అంకెలను నమ్మవద్దు.

ముందు గిన్నె లేకుండా, తరువాత గిన్నెతో అనునాద బిందువు దగ్గర నిరోధాన్ని రాసుకోండి. మొదటి అంకెలోంచి రెండోదాన్ని తీసేసి, మొదటి అంకెతో భాగిస్తే దక్షత వస్తుంది. నా మొదటి బోర్డుకు ఈ అంకెలు 48, 42 ఓమ్‌లు, దక్షత పన్నెండున్నర శాతం. ఇన్వర్టెడ్-ఎఫ్ బోర్డుకు మ్యాచింగ్‌తో కలిపి 50, 26 ఓమ్‌లు, దక్షత 48 శాతం. తేడా దాదాపు 6 డెసిబెల్స్, ఆరుబయట అది రెట్టింపు దూరానికి సమానం.  గిన్నె పెట్టినప్పుడు నిరోధం తగ్గకుండా పెరిగితే కంగారు పడకండి. ఫీడ్ దగ్గర యాంటెన్నా సమాంతర అనునాదంలా ప్రవర్తిస్తోందని అర్థం, అప్పుడు నిరోధానికి బదులు దాని విలోమమైన వాహకత్వంతో ఇదే లెక్క వేయాలి.

ఇక మనిషి శరీరం. 900 మెగాహెర్ట్జ్ దగ్గర కండరం సాపేక్ష పెర్మిటివిటీ 55, వాహకత్వం మీటరుకు 0.94 సీమెన్స్. అంటే ఛాతీ మీద వేలాడే బటన్‌కు ఒక పెద్ద ఉప్పునీటి సంచి ఆనుకుని ఉన్నట్టే లెక్క. బల్ల మీద ట్యూన్ చేసిన యాంటెన్నా ఛాతీ దగ్గరకు వచ్చేసరికి పది ఇరవై మెగాహెర్ట్జ్ కిందికి జారవచ్చు. ప్రతి మార్పుకూ మనిషిని నిలబెట్టలేం కనుక, లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు కలిపి పెద్ద ప్లాస్టిక్ సీసాల్లో నింపి వరుసగా పేర్చండి. ఆ నీటి పెర్మిటివిటీ కండరం కంటే ఎక్కువే, అయినా వాహకత్వం దగ్గరగా ఉంటుంది కనుక ఏ మార్పు మేలో ఏది కీడో తేల్చుకోవడానికి సరిపోతుంది. బటన్ పెట్టెలో బ్యాటరీని శరీరం వైపు, బోర్డును బయటి వైపు ఉంచి, యాంటెన్నాకూ చర్మానికీ మధ్య వీలైనంత ఎడం ఇవ్వండి. మా పెట్టె 3 మిల్లీమీటర్లు మందం పెరిగినప్పుడు వచ్చిన లాభం నెల రోజుల మ్యాచింగ్ పనిలో రాలేదు.

తుది ట్యూనింగ్ ఎప్పుడూ పెట్టె మూసిన తరువాత, బ్యాటరీతో, ఉప్పునీటి సీసాల పక్కన చేయాలి. ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే పౌనఃపున్యాన్ని కొన్ని మెగాహెర్ట్జ్ దించుతుంది. ఒంటి మీద ఉన్నప్పుడు 866కు, బల్ల మీద ఉన్నప్పుడు కొంచెం పైకి వచ్చేలా పెట్టుకోవడం ఈ పరికరానికి సరైన రాజీ, ఎందుకంటే పడిపోయిన మనిషి ఒంటి మీదే అది పనిచేయాలి.

ఆ తరువాత డాబా మీదకు, మెట్లమీదకు, కింద కార్లు నిలిపే చోటికి తీసుకువెళ్లి సంకేత బలం చూడండి. ఒక్క చోట వచ్చిన ఒక్క అంకెకు విలువ లేదు. గోడల నుంచి ప్రతిఫలించిన తరంగాలు కలిసి, అర తరంగం జరిగితే, అంటే 17 సెంటీమీటర్ల దూరంలోనే, బలం పూర్తిగా మారిపోవచ్చు. ప్రతి స్థానంలో నాలుగు వైపులా తిరుగుతూ, అటూ ఇటూ జరుగుతూ కనీసం పదిహేను కొలతలు తీసి సగటు రాసుకోండి. పక్కనే 86 మిల్లీమీటర్ల తీగ, దాని అడుగు నుంచి చుట్టూ పరచిన నాలుగు రేడియల్ తీగలతో చేసిన పోలిక యాంటెన్నాతో అదే నడక మళ్లీ నడవండి. రెంటి మధ్య తేడా మీ గిన్నె లెక్కకు దగ్గరగా వస్తే కొలత సరైనదే. రాకపోతే బోర్డు మీది రేడియో చిప్ నుంచి ఫీడ్ దాకా ఉన్న దారిలో మరెక్కడో శక్తి పోతోందన్నమాట.

అమ్మకానికి చేసేవారైతే కేంద్ర టెలికమ్యూనికేషన్ల విభాగంలోని డబ్ల్యుపిసి (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్) నుంచి పరికర ఆమోదం పొందాలి, దానికోసం తుది పెట్టెతో, తుది యాంటెన్నాతోనే పరీక్షలకు వెళ్లాలి. పంపేముందు ఒకే తడవలో తయారైన బోర్డులు కనీసం ఐదు తీసుకుని అన్నింటి అనునాద బిందువూ కొలవండి. మా ఐదింటిలో పై కొసకూ కింది కొసకూ తేడా 6 మెగాహెర్ట్జ్ వచ్చింది. యాంటెన్నా బ్యాండ్‌విడ్త్ దానికి రెండింతలుండటం వల్ల ఏ బోర్డునూ విడిగా సరిచేయనవసరం లేకపోయింది.